జాలీ మోటారుకు పైన ఎందుకుంది?

బోరులోంచి పైపులను ఒక్కొక్కటిగా లాగి, చివరికి నీటిలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ పంపును నేలమీద పడుకోబెట్టినప్పుడు, నీరు లోపలికి వెళ్ళే జాలీ దాని నడుము దగ్గర, అంటే కింది మోటారుకూ పై పంపుకూ మధ్య ఉండటం గమనించాను.

అది అక్కడ ఉండటంలోనే తెలివి ఉంది: కింది నుంచి ఊరే నీరు జాలీని చేరేలోపు మోటారును ఒరుసుకుంటూ వెళ్ళి దాన్ని చల్లబరుస్తుంది.

నేలమీది పంపు నీటిని పీల్చుకోవాలి కాబట్టి, వాతావరణ పీడనం అనుమతించే సుమారు 10 మీటర్ల లోతును సిద్ధాంతరీత్యా కూడా దాటలేదు. ఆచరణలో 7, 8 మీటర్లకే ఆగిపోతుంది. నీటిలో మునిగి ఉండే పంపుకు పీల్చే అవస్థ లేదు, పైకి నెట్టడమే దాని పని. ఒకదానిపై ఒకటి పేర్చిన ఇంపెల్లర్లలో (నీటిని తిప్పి నెట్టే చక్రాలలో) ప్రతిదీ కొంత పీడనాన్ని జోడిస్తుంది కనుక, లోతు పెరిగేకొద్దీ స్టేజీలు, అంటే ఈ ఇంపెల్లర్ అంచెలు, పెంచుతారు.

మోటారులో నీరు నింపేవి, నూనె నింపేవి అని రెండు రకాలున్నాయి. తాగునీటికైతే నేను మొదటిదే ఎంచుకుంటాను. సీలు చెడితే నూనె కలుస్తుందన్న భయం ఉండదు. బావులకూ సంపులకూ అడ్డంగా పడుకునే ఓపెన్‌వెల్ పంపులు, మురుగుకు చెత్త ఇరుక్కోని వెడల్పు దారుల పంపులు వేరే ఉన్నాయి.

బోరు పంపు బుష్‌లకు (తిరిగే ఇరుసును పట్టి ఉంచే గొట్టాలకు) నీరే కందెన కాబట్టి, నీటిమట్టం జాలీ కిందికి పడిపోయాక కూడా తిరిగితే అవి త్వరగా అరిగిపోతాయి.