ఒక ఆర్డరు, మూడు పెసరట్లు

మా బాబాయికి తణుకులో టిఫిన్ హోటలుంది. ఎనిమిది బల్లలు, పెనం దగ్గర మాస్టారు, ఇద్దరు సర్వర్లు. (హోటల్లో సర్వర్ అంటే మనిషి. కాబట్టి ఈ పోస్టంతా ఆర్డర్లు అందుకుని పంపే నా కంప్యూటర్ సర్వర్‌ని ల్యాప్‌టాప్ అనే పిలుస్తాను, లేకపోతే నాకే తికమకగా ఉంది.) పొద్దున రద్దీలో సర్వర్ వేసే కేక ఎగ్జాస్ట్ ఫ్యాను హోరులో సగమే వినిపిస్తుంది మాస్టారికి. "కంప్యూటర్లంటావు కదరా, దీనికో దారి చూడు" అన్నాడు బాబాయి, పోయిన దసరాకి వెళ్ళినప్పుడు.

మొదట చేసింది చాలా మోటు పని. సర్వర్లు ఫోనులో ఆర్డరు కొడితే ల్యాప్‌టాప్‌కి చేరుతుంది; వంటింట్లో గోడకి ఒక ట్యాబ్లెట్, అది రెండు సెకన్లకోసారి ల్యాప్‌టాప్‌ని "కొత్తదేమైనా ఉందా?" అని అడుగుతుంది. ఎనిమిది బల్లలకి అది బ్రహ్మాండంగా సరిపోయింది. అక్కడితో ఆపేయాల్సింది. కానీ చెయ్యి ఊరుకోదు కదా, సాకెట్ ఐఓ పెట్టాను. అడగకుండానే కబురు అందించే తయారు కోడ్ అది, వెబ్‌సాకెట్ అనే పద్ధతిని వాడుకుంటుంది.

మామూలు వెబ్‌లో బ్రౌజర్ అడిగితేనే జవాబొస్తుంది. వెబ్‌సాకెట్‌లో మొదటి పలకరింపు మాత్రమే అలా ఉంటుంది: బ్రౌజర్ "అప్‌గ్రేడ్" అని హెడర్ పంపుతుంది, అవతలి నుంచి 101 (సరే, మారుదాం) అనే జవాబొస్తుంది, ఇక ఆ లైను తెరిచే ఉంటుంది, ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడొచ్చు. ఇది ఆర్ఎఫ్‌సీ 6455 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా ఖాయమైంది 2011లో. గిల్యెర్మో రౌచ్ అనే ప్రోగ్రామర్ సాకెట్ ఐఓ మొదలుపెట్టింది అంతకు ముందు ఏడాదే. అందుకేనేమో దానికి ఇప్పటికీ పాత జాగ్రత్త పోలేదు: ముందు మామూలు హెచ్‌టీటీపీ మీద లాంగ్ పోలింగ్‌తో (అడిగి, జవాబొచ్చేదాకా లైను పట్టుకుని ఉండడం) మొదలై, కుదిరితే వెబ్‌సాకెట్‌కి మారుతుంది. పైన సందేశాలని మూటకట్టే దాని సొంత పద్ధతి ఒకటుంది, ఉత్త వెబ్‌సాకెట్‌కి అది అర్థం కాదు. ఉత్త వెబ్‌సాకెట్ క్లయింట్‌తో దాన్ని పరీక్షించబోయి నేను ఒక పూట పోగొట్టుకున్నాను.

నేను దీన్ని ఎంచుకుంది ఒక్క కారణానికి. లైను తెగితే అదే మళ్ళీ కలుపుకుంటుంది. మొదట సుమారు సెకను ఆగి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే ఆ విరామాన్ని ఐదు సెకన్ల దాకా పెంచుకుంటూ పోతుంది. మా ఊరి కరెంటుకి అది కావాలి.

సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది. ఆదివారం పొద్దున కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. తర్వాత 4వ బల్ల వాళ్ళు ఒక పెసరట్టుప్మా చెబితే మూడు వెళ్ళాయి. మాస్టారు తెరమీద ఉన్నదే వేశాడు, ఆయన తప్పేం లేదు. బాబాయి ఫోన్ చేసి, "ఏరా, నీ మిషను ఎక్కాలు చదువుతోందా?" అన్నాడు.

"ఆర్డరొస్తే తెరమీద చూపించు" అన్న మూడు లైన్లని నేను "కనెక్ట్ అయినప్పుడు" అన్న బ్లాకు లోపల రాశాను. తెగి కలిసిన ప్రతిసారీ ఆ బ్లాకు మళ్ళీ నడుస్తుంది. పాత వినేవాడు (ఆర్డరు కోసం కాచుకునే కోడ్) పోడు, పక్కన కొత్తవాడొచ్చి కూర్చుంటాడు. రెండుసార్లు కరెంటు పోయాక ముగ్గురు వింటున్నారు, మూడు అట్లు. ఆ లైన్లని బయటికి జరిపితే అయిపోయింది. డాక్యుమెంటేషన్లో ఈ హెచ్చరిక ఉంది. చదివింది మాత్రం ఆ ఫోను వచ్చాక.

అయినా ఒకటికి మూడు ఇంకా అప్పుడప్పుడు వచ్చేవి. ఈసారి కారణం వేరు. వైఫై లేనప్పుడు సర్వర్ ఫోనులో "పంపు" నొక్కితే సాకెట్ ఐఓ దాన్ని దాచుకుని, లైను రాగానే పంపుతుంది. మంచిదే. కానీ ఏమీ కదలడం లేదని ఆ కుర్రాడు మూడుసార్లు నొక్కాడు. మూడూ దాచింది, మూడూ పంపింది. ఇప్పుడు ప్రతి చీటీకి ఫోనులోనే ఒక నంబరు పడుతుంది; ల్యాప్‌టాప్ "అందింది" అని ఎకనాలెడ్జ్‌మెంట్ పంపేదాకా బటన్ బూడిదరంగులో ఉంటుంది; అదే నంబరు మళ్ళీ వస్తే పక్కన పడేస్తుంది.

రెండోవైపు, అంటే ల్యాప్‌టాప్ నుంచి ట్యాబ్లెట్‌కి పంపేటప్పుడు, సాకెట్ ఐఓ అసలు దాచుకోదు. ట్యాబ్లెట్ లేనప్పుడు ల్యాప్‌టాప్ పంపింది గాల్లో కలిసిపోతుంది. పైగా ట్యాబ్లెట్ పోయిందని దానికి వెంటనే తెలియదు: 25 సెకన్లకోసారి పింగ్ ("ఉన్నావా?" అనే పలకరింపు) పంపి, జవాబు కోసం 20 సెకన్లు చూస్తుంది. అంటే ముప్పావు నిమిషం దాకా మాస్టారు వింటున్నాడనే అనుకుంటూ ఉండొచ్చు. రద్దీలో ముప్పావు నిమిషమంటే ఐదారు చీటీలు. 4.6 వెర్షన్ నుంచి తప్పిపోయినవి తిరిగి ఇచ్చే సదుపాయముంది గానీ, మామూలుగా వాడితే అది గుర్తుపెట్టుకునేది మెమరీలోనే, ప్రోగ్రాం ఆగితే అంతే. నేను ప్రతి ఆర్డరునీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో వరస నంబరుతో రాసుకుంటున్నాను. ట్యాబ్లెట్ కలిసినప్పుడల్లా "నా దగ్గర 212 దాకా ఉన్నాయి" అంటుంది, మిగతావి వస్తాయి.

ఇదంతా రాసి తణుకు వెళ్తే, ఎలక్ట్రీషియన్ అప్పటికే రౌటర్ ప్లగ్గుని ఇన్వర్టర్ లైనుకి మార్చేసి ఉన్నాడు. బాబాయి లెక్కలో బాగుచేసింది అతనే.

ఇంకోటి మిగిలింది. ఎవరైనా తెర తాకేదాకా బ్రౌజర్ శబ్దం చెయ్యనివ్వదు, కాబట్టి ఆర్డరు గంట మోగాలంటే మాస్టారు పొద్దున్నే ఒకసారి తెరని ముట్టుకోవాలి. ముట్టుకుంటున్నాడు, పిండి చేత్తోనే.