మోర్టార్ గన్‌తో ఒక ఆదివారం

హనుమకొండలో మా ఇంటి ప్రహరీ బండరాతిది. నాన్న కట్టించిన రోజుల్లో ఇటుక కన్నా రాయే చవకగా దొరికేదట. రాళ్ళకు ఏమీ కాలేదు, ఇంకో తరం చూసినా అలాగే ఉంటాయి. వాటి మధ్య అతుకుగా వేసిన మాలు మాత్రం పొడిపొడిగా రాలిపోతోంది. పెరటి వైపు సందుల్లో వేలు దూరిపోతుంది. వాన పడితే అక్కడి నుంచే జెర్రులు బయలుదేరుతాయి. ఇక లాభం లేదని ఈ రోజు మేస్త్రీ గారిని పిలిపించాను.

పిలిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. తమ్ముడు ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వస్తూ ఒక మోర్టార్ గన్ తెచ్చి పడేసి వెళ్ళాడు. అక్కడి పాత ఇటుక ఇళ్ళకు సందులు పూడ్చుకోవడానికి వాడతారట. చూడటానికి పెద్ద జంతికల గొట్టమే: గొట్టంలో మాలు నింపి మీట నొక్కితే ముందున్న సన్నటి మూతి నుంచి బయటికి వస్తుంది. మేస్త్రీ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాపీకి పెన్షన్ ఇచ్చేద్దామంటారా అమ్మా?" అన్నారు.

పెన్షన్ సంగతి తర్వాత, ముందు గీకుడు పని. భోజనాల వేళ దాకా అదే సరిపోయింది. పాత మాలును ఉలితో, సుత్తితో కొట్టి కనీసం ముప్పాతిక అంగుళం లోతు తీయాలి. సందు వెడల్పుగా ఉంటే ఇంకా లోపలికి వెళ్ళాలి. పైపైన మెత్తితే ఒక ఎండాకాలం గడిచేసరికి పెచ్చులూడుతుంది. ఈ పనికి ఏ గన్నూ సాయం రాదు. గన్ అమ్మేవాళ్ళు గంటల పని నిమిషాల్లో అయిపోతుందంటారు గానీ, ఆ లెక్కలో ఈ దుమ్మంతా ఉండదు.

ఒకచోట రావి మొక్క వేళ్ళూనుకుని ఉంది. కొట్టేయడానికి మేస్త్రీ గారికీ చేయి రాలేదు, అమ్మ ఒప్పుకోనూ లేదు. చుట్టూ మాలు తొలిచి వేరుతో సహా లాగి కుండీలో పెట్టాం. గుడి వెనక ఖాళీ స్థలంలో నాటిస్తానని అమ్మ హామీ ఇచ్చింది. లోపల వేరు ముక్క మిగిలితే మళ్ళీ మొలుస్తుందని ఆయన ఆ సందును మరో జానెడు దూరం తవ్వారు.

బ్రష్‌తో దుమ్ము దులిపి సందులన్నీ నీళ్ళతో తడిపాం. బండరాయి పెద్దగా నీళ్ళు పీల్చదు కానీ లోపలున్న పాత మాలు గటగటా తాగేస్తుంది. తడపకపోతే కొత్త మాలులోని నీటిని అది లాగేసుకుంటుంది, సిమెంటు గట్టిపడకముందే ఎండిపోతుంది.

ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక. మొదటి గొట్టం నింపింది రోబో ఇసుకతో, అంటే రాయిని మర పట్టించి చేసే ఇసుకతో. మీట నొక్కితే మూతి నుంచి నీళ్ళు కారాయి, మాలు రాలేదు. మర పట్టిన ఇసుక రేణువులకు కోణాలెక్కువ, అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఒత్తిడికి నీరు జారుకుంటే ఇసుక లోపలే బిగుసుకుపోతుంది. ఇంకాస్త నీళ్ళు పోస్తే కదులుతుంది గానీ, పల్చటి మాలు ఎండాక కుంచించుకుపోయి రాయిని వదిలేస్తుంది. మేస్త్రీ గారు ఏమీ మాట్లాడకుండా వెళ్ళి సన్న ఇసుక జల్లెడ పట్టారు, కొంచెం సున్నం కూడా కలిపారు. సున్నం పడ్డాక మాలుకు వెన్నతనం వచ్చి, గన్ దారిలో పడింది.

అప్పటి నుంచి పని చూడముచ్చటగా సాగింది. మూతిని సందు లోపలి దాకా పెట్టి, వెనక నుంచి నింపుకుంటూ బయటికి రావాలి. తాపీ అందని లోతుకు మాలు వెళుతుంది, రాయి ముఖం మీద మరక పడదు. నాకైతే ఈ రెండో సుగుణమే ఎక్కువ నచ్చింది. తాపీతో నింపిన గోడను తర్వాత తుడవడమే ఒక పూట పని.

అయితే గన్ మాలును నింపుతుందే తప్ప అదమదు. వేలితో నొక్కితే అంటుకోకుండా గుర్తు మాత్రం పడే దాకా ఆగి, సన్నటి కడ్డీతో గట్టిగా అదమాలి. వెడల్పు సందుల్లో ముందు రాతి చిప్పలు దూర్చి, ఆ మిగిలిన చోటే నింపాలి. చిప్పలు ఏరి సరిపెట్టడంలో ఆయన పనితనం చూస్తుంటే ఓరుగల్లు కోట గుర్తొచ్చింది. అక్కడి రాతిగోడలో అంత పెద్ద దిమ్మలను సున్నమూ మాలూ లేకుండానే పేర్చారు. గణపతిదేవుడు మొదలుపెట్టిస్తే రుద్రమదేవి పూర్తి చేయించిన గోడ అది. మా ప్రహరీకి అంత తీరిక లేదు, కనుక మాలు కావాలి.

అడుగు వరసలో అక్కడక్కడా సందులు పూడ్చకుండా వదిలేశారు. పెరటి నేల బయటి దారి కన్నా ఎత్తు. వాన నీరు గోడ వెనక నిలబడితే నెట్టేస్తుంది, దానికి దారి ఉండాలన్నారు. నేను అడిగి ఉండకపోతే ఆయన చెప్పేవారూ కాదు.

గొట్టాన్ని మాటిమాటికీ కడగడం ఒక గోల. అరగంట ఏమరితే లోపల సిమెంటు పట్టుకుంటుంది. సాయంత్రానికి మేస్త్రీ గారి తీర్పు: లోతు సందులకు గన్, మిగతా వాటికి తాపీ. నాదీ అదే.

తేలనిది ఒక్కటే. వీధి వైపు గోడకు సందుల మాలు రాయి మీద ఉబ్బెత్తుగా గీతల్లా తేలే పాయింటింగ్ కావాలని అమ్మ పట్టు. ఆ అంచుల మీద నీళ్ళు నిలుస్తాయి, పాత మాలు ఊడిందీ అలాగే అని నేను. మేస్త్రీ గారు ఎటూ చెప్పకుండా కూలి డబ్బులు లెక్కపెట్టుకుని, వారం రోజులు పొద్దునా సాయంత్రం తడపమన్నారు. పొద్దున తడపడం అమ్మ వంతు, సాయంత్రం నాది. వీధి వైపు పని వచ్చే ఆదివారం.