మన నల్ల కళ్లలో గ్లకోమా చుక్కల మందులు

కంటికి రంగునిచ్చే మెలనిన్, గ్లకోమాకి (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) వేసే టిమోలాల్, పైలోకార్పిన్ లాంటి చుక్కల మందుల్ని పట్టేసుకుని నిదానంగా వదులుతుంది. అందుకే ముదురు కళ్లలో పైలోకార్పిన్ ఆలస్యంగా పనిచేస్తుంది, ఎక్కువ గాఢత ఉన్న మందు కావాల్సి రావచ్చు. అలాగని మీరే రెండో చుక్క వేయకండి. కంట్లో నిలిచేది ఒక్క చుక్కే, మిగతాది చెంప మీదకి కారిపోతుంది.

లటనోప్రాస్ట్ అనే ఇంకో గ్లకోమా చుక్కల మందు సంగతి వేరు. నీలం, గోధుమ కలగలిసిన కళ్లను శాశ్వతంగా ముదురు చేయొచ్చు. మన కళ్లలో అది పెద్దగా తెలియదు గానీ రెప్పల చర్మం నల్లబడొచ్చు. కారిన మందు వెంటనే తుడవండి.

చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలని 2 నిమిషాలు నొక్కాలి. టిమోలాల్‌కి ఇది మరీ ముఖ్యం, లేకపోతే ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. ఇంకో మందుకి 5 నిమిషాలు ఆగండి.

బెజవాడ మే ఎండలకి సీసాని కిటికీలో వదిలేయకండి. మూత తీయని లటనోప్రాస్ట్‌ని, లేబుల్ మీద వేరేగా లేకపోతే, ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల్లో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు.