బొంతకి సరిపడా డ్రమ్ము

మా పెద్ద బొంతని ఈరోజు మొదటిసారి ఇంట్లోనే సరిగ్గా ఉతకగలిగాం. పాత మెషీన్‌లో వేస్తే నీళ్లు పీల్చుకుని ముద్దలా ఒకవైపుకి చేరేది, స్పిన్ దగ్గరికొచ్చేసరికి మెషీన్ మొత్తం ఊగిపోయేది. కొత్తదాని డ్రమ్ము 5 ఘనపుటడుగులు, అంటే దాదాపు 140 లీటర్లు. బట్టలు ఆరబెట్టే డ్రైయర్‌ది 7 ఘనపుటడుగులకి పైనే. ఆరేటప్పుడు బట్ట విచ్చుకుని దొర్లాలి, మధ్యలోంచి వేడిగాలి పోవాలి, అందుకే దానికి ఎక్కువ చోటు. ఉతికే డ్రమ్ము పెద్దది కదా అని నిండా కుక్కితే మాత్రం మురికి సరిగ్గా వదలదు.

బొంత సగం ఆరాక తీసి, దులిపి, తిరగేసి మళ్లీ వేశాను. డ్రైయర్‌లో నూగుని పట్టే జల్లెడ, అంటే లింట్ ఫిల్టర్‌లో, గుప్పెడు నూగు! ప్రతిసారీ తీసేయండి, పేరుకుంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

అమ్మ ఆ వెచ్చటి బొంతని చెంపకి ఆనించుకుని కాసేపు అలాగే కూర్చుంది.