మోజెల్ లోయలో తీరిగ్గా: వీసా నుంచి వైన్ దాకా నా అనుభవం

యూరప్ ప్యాకేజీ టూర్ల కరపత్రాలు చూస్తేనే నాకు నీరసం వస్తుంది. పది రోజుల్లో ఏడు దేశాలు. తెల్లారకముందే సూట్‌కేసు గది బయట పెట్టాలి, టవర్ ముందు ఇరవై నిమిషాలు ఫొటోలు, మళ్లీ బస్సు. మా వారికి మోకాళ్ల నొప్పులు. నాకేమో గంటల తరబడి కూర్చుంటే నడుము పట్టేస్తుంది. ఇద్దరం రిటైరయ్యాం, ఎవరికీ సెలవు చీటీ ఇవ్వక్కర్లేదు. అలాంటప్పుడు ఈ పరుగులెందుకని, వెళ్తే ఒకే నది పక్కన ఉందాం, పొద్దున ఒక ఊరు చూసి మధ్యాహ్నం నిద్రపోదాం అని తేల్చుకున్నాం.

ఆ నది మోజెల్. ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో పుట్టి, లక్సెంబర్గ్ సరిహద్దును ఒరుసుకుంటూ జర్మనీలోకి వచ్చి, కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా ఎంత మెలికలు తిరుగుతుందంటే, తిన్నగా వెళ్తే సుమారు వంద కిలోమీటర్లు ఉండే దూరానికి దాదాపు రెట్టింపు పారుతుంది. ఒడ్డు పొడుగునా నిటారు కొండలు, వాటి మీద ద్రాక్షతోటలు. ఆ తోటల్లో నేల మట్టి కాదు, పలకరాయి. మా వారిది మార్కాపురం. పలకల గనుల మధ్య పెరిగిన మనిషి. "పలకరాయి మీద ద్రాక్ష పండటమేంటి, అబద్ధం" అన్నారు. అది తేల్చుకోవడానికే ఆయన బయల్దేరారని నా అనుమానం.

ముందు వీసా సంగతి. మా ఊళ్లో ఒక ఏజెంటును కలిస్తే మా జాబితా చూసి, "మేడమ్, ఈ ఊళ్ల పేర్లు నేనే వినలేదు. పారిస్, స్విస్ కలిపేద్దాం, లేకపోతే రిజెక్ట్ అవుతుంది" అన్నాడు. దండం పెట్టి బయటికొచ్చి మేమే చేసుకున్నాం. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ఊరు ఎంత పేరున్నదన్నది లెక్కలోకి రాదు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి, అంతే. మేం లక్సెంబర్గ్ కూడా వెళ్దామనుకున్నాం కానీ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసేదే, రాత్రులన్నీ జర్మనీలోనే. కాబట్టి జర్మనీ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందన్నా ఇవ్వాలి. ఫీజు 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే వీసా సెంటర్ వాళ్ల చార్జీ దానికి అదనం. ఆస్పత్రి ఖర్చులకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి.

నేను శ్రద్ధ పెట్టింది కవరింగ్ లెటర్ మీద. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ లోన్ ఫైళ్లు చూసినదాన్ని కదా, కాగితాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడాలో కొంచెం తెలుసు. రోజువారీ పట్టికలో రాసిన రాత్రులు, గది బుకింగులో రాత్రులు, ఇన్సూరెన్స్ తేదీలు, విమానం తేదీలు, నాలుగూ ఒక్క రోజు కూడా తేడా లేకుండా సరిపోవాలి. పెన్షన్ వచ్చే ఖాతా స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, ఇంటి పన్ను రసీదు పెట్టాను. "మా వారికి మోకాళ్ల నొప్పి, అందుకే ఒకే ఊళ్లో ఉండి చుట్టుపక్కల ఊళ్లు రైల్లో చూస్తాం" అని ఉన్నదున్నట్టు రాశాను. గదులు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకున్నాం. హైదరాబాద్ సెంటర్లో వేలిముద్రలిచ్చి వచ్చాక పాస్‌పోర్టులు చేతికొచ్చేదాకా టెన్షనే. వచ్చిన వీసాల్లో మేం అడిగిన రోజులే ఉన్నాయి.

ఉండటానికి ట్రాబెన్-ట్రార్బాఖ్ ఎంచుకున్నాం. నదికి అటొకటి ఇటొకటి ఉన్న రెండు ఊళ్లు, మధ్యలో వంతెన. పేరు మోసింది కోఖెమ్. అక్కడి కోట ఫొటో అందరూ పెడతారు. కానీ ఆ కోటను 1689లో ఫ్రెంచి సైన్యం పడగొడితే, బెర్లిన్ వ్యాపారి ఒకాయన 19వ శతాబ్దంలో తన ఊహ కొద్దీ మళ్లీ కట్టించుకున్నాడు. దూరం నుంచి బాగుంటుంది. దగ్గరికి వెళ్తే జనమే జనం. మేం దిగిన ఊరు అలా కాదు. 1900 ప్రాంతంలో వైన్ వ్యాపారంలో ఫ్రాన్స్‌లోని బోర్డో తర్వాత యూరప్‌లో రెండో స్థానం దీనిదేనట. ఆ డబ్బుతో షావుకార్లు బెర్లిన్ నుంచి బ్రూనో మోరింగ్ అనే ఆర్కిటెక్టును పిలిపించి వంతెన ద్వారం, ఇళ్లు, గిడ్డంగులు కట్టించుకున్నారు. ఇళ్ల కింద నేలమాళిగలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, అన్నీ ఒకప్పుడు వైన్ పీపాలు దాచినవే. మోరింగ్ కట్టిన ఒక పాత వైనరీలో ఇప్పుడు బుద్ధుడి మ్యూజియం ఉంది. అమరావతి పక్క జిల్లా నుంచి వచ్చిన మేం జర్మనీ కొండల మధ్య వరసగా బుద్ధ విగ్రహాలు చూస్తామని కలలో కూడా అనుకోలేదు.

వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం వల్ల సగం బెంగ తీరింది. బియ్యం అక్కడే దొరుకుతుంది. కందిపప్పు, గోంగూర పచ్చడి, కారప్పొడి మాతో పట్టుకెళ్లాం. ఒక్కటే జాగ్రత్త, ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే పాలు, కూరలు తెచ్చుకోవాలి.

తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాం. 2025లో మేం వెళ్లినప్పుడు నెలకు 58 యూరోలు. జర్మనీ అంతా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి వేగం రైళ్లు మాత్రం కుదరవు. తీరిగ్గా తిరిగేవాళ్లకు వేగం రైలుతో పనేంటి? అయితే అది నెలవారీ చందా. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే తర్వాతి నెలకూ డబ్బు కోసేస్తారు. పైగా ఒకటో తేదీ నుంచి నెలాఖరు దాకానే చెల్లుతుంది. అందుకే మా ప్రయాణం మొత్తం సెప్టెంబర్‌లోనే పడేలా చూసుకుని, టికెట్ కొన్నరోజే రద్దు నొక్కేశాను. మన క్రెడిట్ కార్డు తీసుకునే యాప్ కోసం మాత్రం కొంచెం వెతకాల్సి వచ్చింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి కోబ్లెంజ్, అక్కడి నుంచి నది వెంట బుల్లై, బుల్లైలో చిన్న రైలు మారి మా ఊరు. ఆ చిన్న రైలు రెండంతస్తుల వంతెన మీద నది దాటుతుంది, పైన రైలు, కింద రోడ్డు. 1878లో కట్టిందట. మా వారు కిటికీకి అతుక్కుపోయారు.

మర్నాడే కొండెక్కుదామన్నారు, మోకాళ్ల సంగతి మర్చిపోయి. తోటలోకి అడుగుపెట్టగానే కాళ్ల కింద కరకరమంటూ నల్లటి పెచ్చులు. ఒకటి తీసి గోరుతో గీకి చూసి, "పలకే" అన్నారు, చాలా అయిష్టంగా. ఆ తోట మనిషికి కొద్దిగా ఇంగ్లిష్ వచ్చు, ఆయన చెప్పింది ఇది. ఇక్కడ అక్షాంశం 50 డిగ్రీల దగ్గర, ద్రాక్ష పండటానికి చలి ఎక్కువ. నల్లరాయి పగలంతా ఎండ వేడిని పట్టుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. నది నీళ్లు వెలుగును పైకి కొడతాయి. వాన నీరు రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది కాబట్టి వేళ్లు లోతుకు వెళ్లక తప్పదు. కొండ నిటారుగా ఉంటేనే ఏటవాలు ఎండ సూటిగా తగులుతుంది. ఈ నది మీదే బ్రెమ్ దగ్గర కాల్‌మోంట్ అనే తోట కొన్ని చోట్ల 65 డిగ్రీల వాలులో ఉంటుంది. అక్కడికి ట్రాక్టరు ఎక్కదు. ఒకే రైలు పట్టా మీద నడిచే చిన్న బండిలో మనుషులూ గంపలూ పైకి వెళ్తారు, కోత అంతా చేత్తోనే. ఈ కష్టం పడలేక వదిలేసిన మడులు కూడా కొండ మీద చాలా కనిపించాయి, ముళ్లపొదలు అల్లుకుపోయి. ఆ సంగతి ఎవరూ పోస్టరు మీద వేయరు.

ఇక వైన్. నేను అంతకుముందు ఎవరి ఇంట్లోనో ఒక గుక్క తాగి ముఖం చిట్లించిన మనిషిని. మా వారు అసలు ముట్టరు. రుచి చూసే చోట తెలియనివాళ్లను ఎగాదిగా చూస్తారేమోనని బెదిరాను. అదేం లేదు. ముందు ఫోన్ చేసి వేళ అడగాలి, వెళ్లాక కొద్దికొద్దిగా పోస్తారు, ఉమ్మడానికి కుండ పెడతారు, ఉమ్మితే ఎవరూ ఏమీ అనుకోరు. తాగని వాళ్లకు అదే తోట ద్రాక్షరసం ఇస్తారు. మా వారు అది మూడు గ్లాసులు లాగించారు. ఇక్కడ ఎక్కువగా పండేది రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష. సీసా మీద ట్రోకెన్ అంటే తీపి దాదాపు ఉండదు, ఫైన్‌హెర్బ్ అంటే కాస్త తీపి. కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె అనేవి కోసినప్పుడు పండులో ఉన్న చక్కెరను బట్టి పెట్టిన మెట్లు. కాబినెట్‌లో కొంచెం తీపి మిగిల్చిన రకాల్లో ఆల్కహాల్ ఎనిమిది, తొమ్మిది శాతమే. నాలాంటి వాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. నాకు తెలిసింది పచ్చి మామిడి పులుపూ తేనె తీపీ కలిసినట్టు ఒక రుచి. అంతకంటే వర్ణించేవాళ్లను నేను నమ్మను.

హోటళ్ల కంటే మాకు నచ్చినవి రైతుల ఇళ్ల దగ్గరి స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్‌లు. గుమ్మానికి ఆకుల గుత్తి వేలాడదీస్తే తెరిచి ఉన్నట్టు. తమ తోట వైన్ తామే పోస్తారు, తినడానికి చిన్నచిన్నవి పెడతారు. చట్ట ప్రకారం ఏడాదిలో నాలుగు నెలలకు మించి తెరవకూడదు, నలభై మందికి మించి కూర్చోబెట్టకూడదు. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఉల్లిపాయలతో కాల్చే 'పై' (pie) లాంటి వాటిలో కూడా పంది మాంసం ముక్కలు వేస్తారు, అడిగి తినాలి. చీజ్, బ్రెడ్, బంగాళాదుంపలతో మాకు గడిచిపోయింది.

చుట్టుపక్కల ఊళ్లలో నా మనసు పట్టుకున్నది బెర్న్‌కాస్టెల్-కూస్. బెర్న్‌కాస్టెల్ వైపు చౌరస్తాలో కొయ్య చట్రాల ఇళ్లు, కింద సన్నగా పైన వెడల్పుగా 1416లో కట్టిన బుల్లి ఇల్లు, అందరూ చూసేవి అవే. పదకొండు దాటితే ఓడల మీద వచ్చిన గుంపులు దిగుతాయి. పొద్దున్నే చూసి వంతెన దాటి కూస్ వైపు వెళ్లండి. 1401లో ఈ ఊళ్లోనే పుట్టి కార్డినల్ దాకా ఎదిగిన నికోలస్ అనే పండితుడు, 1458లో ఇక్కడ వృద్ధుల కోసం ఆశ్రమం పెట్టాడు. క్రీస్తు బతికిన ఏళ్ల లెక్కన 33 మందికి. దాన్ని నడపడానికి ద్రాక్షతోటలు రాసిచ్చాడు. ఆరు వందల ఏళ్లకు దగ్గరపడుతోంది, ఇప్పటికీ అది వృద్ధాశ్రమమే, ఆ తోటల వైన్ ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆయన పోగుచేసిన రాతప్రతుల గ్రంథాలయమూ అక్కడే ఉంది. ఆవరణలో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి తలూపాడు. మూలధనం ముట్టకుండా రాబడితో నడిపిన ట్రస్టు ఇన్ని శతాబ్దాలు నిలవడం చూసి, బ్యాంకు మనిషిగా నాకు కోటల కంటే ఇదే ఎక్కువ అబ్బురమనిపించింది.

ట్రియర్ గురించి పుస్తకాలే ఉన్నాయి కాబట్టి ఎక్కువ చెప్పను. క్రీ.శ. 170 ప్రాంతంలో రోమన్లు కట్టిన పోర్టా నిగ్రా ద్వారం, మ్యూజియంలో నోయ్‌మాగెన్ దగ్గర దొరికిన రాతి వైన్ పడవ చూడండి. పీపాలు ఎక్కించుకుని తెడ్లు వేసే మనుషులు, సుమారు 1,800 ఏళ్ల నాటిది. కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లూ ఇక్కడే. 1843లో ఆయన పత్రికలో మోజెల్ ద్రాక్ష రైతుల కష్టాల గురించి రాశాడని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ట్రియర్ నుంచి పెర్ల్ అనే చివరి ఊరికి రైలుంది, మన టికెట్ మీదే. అక్కడ వంతెన నడిచి దాటితే లక్సెంబర్గ్‌లోని షెంజెన్. అవును, వీసాకు పేరిచ్చిన ఊరే. ద్రాక్షతోటల కింద చిన్న పల్లె. 1985 జూన్ 14న ఐదు దేశాల వాళ్లు ఇక్కడ నది మీద ఓడలో కూర్చుని ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇన్ని కాగితాలు, ఇన్ని ఫొటోస్టాట్లు దేని కోసం తిప్పామో ఆ పేరు మోసిన ఊళ్లో ఒక టీ కొట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా మళ్లీ తనిఖీలు పెట్టింది. మమ్మల్ని ఎవరూ ఆపలేదు గానీ, పాస్‌పోర్టు ఇంట్లో వదిలి వెళ్లకండి. లక్సెంబర్గ్‌లో బస్సులు 2020 నుంచి అందరికీ ఉచితం. నది వెంట రెమిఖ్ దాకా ఊరికే వెళ్లొచ్చాం. ఆ ఒడ్డున నేల పలకరాయి కాదు, వైన్ రుచి వేరేగా ఉంటుంది. మా వారికి మాత్రం ఆ నేల ఆనలేదు.

తిరిగొచ్చేటప్పుడు సీసాలు చెకిన్ సామానులో, చీరల మధ్య చుట్టి పెట్టాను. మన కస్టమ్స్ ఒక్కో పెద్దవాళ్లకు రెండు లీటర్ల దాకా పన్ను లేకుండా తెచ్చుకోనిస్తుంది. తాగని మా వారి కోటా కూడా నేనే వాడుకున్నాను. కారం వంటలకు ఫైన్‌హెర్బ్ సరిపోతుందని ఆ తోటాయన చెప్పాడు. మా చెల్లెలి ఇంట్లో అల్లం పచ్చడి, గారెలతో తాగి చూశాం, నిజమే. ట్రోకెన్ మాత్రం ఎవరికీ నచ్చలేదు, సగం సీసా ఇంకా వాళ్ల ఫ్రిజ్‌లోనే ఉంది.