మూడుల్ సర్వర్‌కు ఫిక్స్‌డ్ ఐపీ: మా ల్యాబ్‌లో నా అనుభవం

మా డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక విండోస్ మెషీన్ మీద, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు సర్వర్ నడుస్తుంది. అందులో మూడుల్ అనే ఆన్‌లైన్ పాఠాల, పరీక్షల సాఫ్ట్‌వేర్ పెట్టాం. పిల్లలు ఇంటర్నల్ క్విజ్‌లు దాని మీదే రాస్తారు. బయట ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా ల్యాబ్ లోపల పరీక్ష జరిగిపోతుంది. అదే దాని సుఖం.

కష్టమల్లా కరెంటుతోనే. కరెంటు పోయి వస్తే రౌటర్‌తో సహా అన్నీ కొత్తగా లేస్తాయి. ఎవరికి ఏ నంబరు (ఐపీ అడ్రస్) ఇచ్చిందో మా రౌటర్‌కు గుర్తుండదు. ముందు అడిగినవాళ్లకు ముందు నంబరు ఇచ్చేస్తుంది. నిన్న 192.168.1.14లో ఉన్న సర్వర్ ఇవాళ 192.168.1.22లో తేలేది. పోనీ, కొత్త నంబరు బోర్డు మీద రాస్తే సరిపోతుందా అంటే సరిపోదు. మూడుల్ తన సొంత అడ్రస్‌ను కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీ అనే ఫైల్లో, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ అన్న చోట రాసుకుంటుంది. పిల్లలు కొత్త నంబరు కొట్టినా అది వాళ్లను పాత నంబరుకే తోసేస్తుంది. ఆ పాత నంబరు అప్పటికి మూడో వరుసలో ఏదో కంప్యూటర్‌కు వెళ్లి ఉంటుంది. “మేడమ్, ఓపెన్ అవట్లేదు” అని ల్యాబంతా ఒకేసారి అంటుంటే, పరీక్ష టైమ్ నడుస్తుంటే, ఆ టెన్షన్ ఏమిటో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

కాబట్టి ఆ వర్చువల్ మెషీన్‌కు మారని నంబరు ఒకటి కావాలి.

నిజానికి దీనికి తేలిక దారి ఒకటుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ మ్యాక్ అడ్రస్ అనే సొంత గుర్తింపు ఉంటుంది, వర్చువల్ మెషీన్‌లోని ఉత్తుత్తి కార్డుకి కూడా. ఫలానా మ్యాక్ వస్తే ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వమని రౌటర్‌లో రాసిపెట్టొచ్చు. రౌటర్ నంబర్లు పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు, డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అంటే అదే. ఉబుంటులో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు. రౌటర్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉంటే అదే చేసుకోండి, మిగతాదాంట్లో వర్చువల్‌బాక్స్ బ్రిడ్జ్ సంగతి ఒక్కటి చూసుకుంటే చాలు. మా రౌటర్ నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లది. ఫోన్ చేసి అడిగాను.

“పాస్‌వర్డ్ ఇవ్వకూడదు మేడమ్, మా ఆఫీసులో ఒప్పుకోరు” అన్నాడా అబ్బాయి.

“సరే బాబూ, రౌటర్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నంబర్లు పంచుతుందో అదైనా చెప్పు.”

“2 నుంచి 200 మేడమ్. పైవన్నీ ఖాళీయే.”

ఈ ఒక్క సమాధానం లేకుండా ఫిక్స్‌డ్ ఐపీ పెట్టడం అంటే, బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేయడమే. మనం వేశామని మనకు తెలుసు, కండక్టర్‌కు తెలియదు. రౌటర్ పంచే రేంజ్‌లోని నంబరునే మనం ఉబుంటులో రాసుకుంటే, ఏదో ఒక రోజు రౌటర్ దాన్ని ఇంకో కంప్యూటర్‌కు టికెట్ కొట్టి ఇస్తుంది. అందుకే నంబరు చివరి భాగం 200 పైనుంచి తీసుకోవాలి.

అయితే “పైవన్నీ ఖాళీయే” అన్న మాటను పూర్తిగా నమ్మడానికి లేదు. రౌటర్ తనంతట తాను ఆ నంబర్లు ఇవ్వదు, అంతవరకే దాని అర్థం. మనలాగే ఇంకెవరైనా చేత్తో పెట్టుకుని ఉంటే రౌటర్‌కు తెలియదు. చాలామంది పింగ్ (ఆ నంబరులో ఎవరైనా ఉన్నారా అని పలకరించే కమాండ్) కొట్టి, జవాబు రాకపోతే ఖాళీ అనుకుంటారు. విండోస్ ఫైర్‌వాల్ చాలాచోట్ల పింగ్‌కు జవాబివ్వనివ్వదు. మనిషి లోపలే ఉంటాడు, తలుపు తీయడు. నేను పింగ్ కొట్టిన వెంటనే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ హైఫన్ ఏ కొట్టి చూశాను. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్ పింగ్‌కు పలక్కపోయినా, “ఈ నంబరు ఎవరిది” అన్న ఏఆర్‌పీ ప్రశ్నకు మాత్రం జవాబిస్తుంది. ఆ పట్టికలో నంబరు పక్కన మ్యాక్ అడ్రస్ కనిపిస్తే అక్కడ ఎవరో ఉన్నట్టే. అలా చూస్తే 250లో ఎవరో ఉన్నారు. మా ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగితే, “అది ఆఫీసు ప్రింటర్ మేడమ్, కొన్నప్పుడు కంపెనీ అతను పెట్టి వెళ్లాడు” అన్నాడు. 240 ఖాళీగా ఉంది. అన్ని మెషీన్లూ ఆన్‌లో ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి చూసి ఖాయం చేసుకున్నాను.

తర్వాత వర్చువల్‌బాక్స్. మీ ఉబుంటులో ఐపీ ఏ అని కొడితే 10.0.2.15 అని కనిపిస్తే అది నాట్ మోడ్‌లో ఉన్నట్టు. వర్చువల్‌బాక్స్ మొదట ఇచ్చేది అదే. అది ఆ వర్చువల్ మెషీన్ కోసమే కట్టిన ఒక చిన్న లోపలి నెట్‌వర్క్. దాని గేట్‌వే, అంటే బయటికి దారి, 10.0.2.2. లోపలి నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లొచ్చు గానీ, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలికి దారి తెరవడం) పెట్టకుండా బయటి కంప్యూటర్లు లోపలికి రాలేవు. అక్కడ ఎంత స్థిరమైన నంబరు పెట్టినా పక్క బల్ల మీది కంప్యూటర్‌కు కనిపించదు. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ ఎంచుకుంటేనే వర్చువల్ మెషీన్ ల్యాబ్‌లో ఇంకో కంప్యూటర్‌లా నిలబడుతుంది. కింద ఏ కార్డు మీదుగా అన్న ప్రశ్న ఉంటుంది. మా మెషీన్‌కు కేబుల్ కార్డుతో పాటు వైఫై డాంగిల్ కూడా ఉంది. కేబుల్‌దే ఎంచుకున్నాను. వైఫై మీద బ్రిడ్జ్ కొన్ని కార్డులతో పనిచేస్తుంది, కొన్నిటితో చేయదు. పరీక్షలు రాసే సర్వర్‌కు ఆ జూదం ఎందుకు?

ఉబుంటులో 17.10 వెర్షన్ నుంచి నెట్‌వర్క్ సంగతులన్నీ నెట్‌ప్లాన్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. పాత పాఠాల్లో కనిపించే ఇంటర్‌ఫేసెస్ ఫైల్ కోసం వెతికితే దొరకదు. ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో ఒక యామల్ ఫైల్ (సెట్టింగులు రాసే మామూలు టెక్స్ట్ ఫైల్) ఉంటుంది. మాది 50-క్లౌడ్-ఇనిట్. కొన్ని ఇన్‌స్టాలేషన్లలో 00-ఇన్‌స్టాలర్-కాన్ఫిగ్ అని ఉంటుంది. మా ఫైల్ మొదటి వరుసల్లోనే హెచ్చరిక ఉంది. ఇది క్లౌడ్-ఇనిట్ (సర్వర్‌ను మొదట్లో సెట్ చేసే ప్రోగ్రామ్) రాసిన ఫైల్, మీరు చేసే మార్పులు నిలవకపోవచ్చు, నిలవాలంటే నా నెట్‌వర్క్ పనిని ఆపేయండి అని. ఆపే పద్ధతి కూడా అక్కడే రాసి ఉంది: క్లౌడ్ డాట్ సీఎఫ్‌జీ డాట్ డీ ఫోల్డర్‌లో 99తో మొదలయ్యే చిన్న ఫైల్, అందులో నెట్‌వర్క్ కాన్ఫిగ్ డిసేబుల్డ్ అని ఒకే వరుస. ఆ వ్యాఖ్యలు ఎవరూ చదవరు. చదివితే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఫైల్‌కు ఒక కాపీ తీసి పక్కన పెట్టాను. కాపీ పేరు చివర యామల్ అని ఉండకూడదు, ఉంటే నెట్‌ప్లాన్ దాన్ని కూడా చదివేస్తుంది. అసలు ఫైల్లో మా కార్డు పేరు ఈఎన్‌పీ0ఎస్3. దాని కింద డీహెచ్‌సీపీ4 ఎదురుగా ట్రూ తీసి ఫాల్స్ పెట్టాను. ట్రూ అలాగే ఉంచి కొత్త అడ్రస్ చేరిస్తే మెషీన్‌కు రెండు నంబర్లు వస్తాయి, చూడ్డానికి పనిచేస్తున్నట్టే ఉంటుంది, తర్వాత ఏడిపిస్తుంది. అడ్రసెస్ కింద 192.168.1.240/24. ఆ చివరి 24 ప్రిఫిక్స్, నంబరులో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పేది. అది రాయకపోతే నెట్‌ప్లాన్ ఊరుకోదు, ప్రిఫిక్స్ ఏదీ అని అక్కడే ఆగిపోతుంది. గేట్‌వే కోసం చాలా పాఠాలు గేట్‌వే4 అనే వరుస రాయమంటాయి. అది పాతబడింది, వాడితే హెచ్చరిక వస్తుంది. ఇప్పుడు రూట్స్ అని పెట్టి, టు డిఫాల్ట్, వయా 192.168.1.1 అని రాయాలి. నేమ్‌సర్వర్స్ (వెబ్‌సైట్ పేరుకు నంబరు చెప్పేవి) కింద రౌటర్ నంబరు, దానితో పాటు గూగుల్‌ది 8.8.8.8 ఇచ్చాను.

యామల్‌లో ట్యాబ్ కీ నిషిద్ధం. అన్నీ స్పేస్‌లే, ఒకే మెట్టులో ఉండాల్సినవి ఒకే నిలువులో ఉండాలి. ఒక్క స్పేస్ అటూ ఇటూ అయితే ఏ వరుసలో తేడా ఉందో చెబుతుంది గానీ, చాలాసార్లు అసలు తప్పు దాని పై వరుసలో ఉంటుంది.

దీన్ని అమల్లోకి తేవడానికి అప్లై, ట్రై అని రెండున్నాయి. నా ఓటు ట్రైకే. కొత్త సెట్టింగ్ పెట్టి, 120 సెకన్లు మన ఎంటర్ కోసం చూస్తుంది. కొట్టకపోతే పాతదానికి తిరిగి వెళ్లిపోతుంది. దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (ఇంకో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ఉండి చేస్తే నంబరు మారగానే ఆ కిటికీ బిగుసుకుపోతుంది, ఎంటర్ కొట్టడానికి చోటుండదు. అందుకని వర్చువల్‌బాక్స్ సొంత స్క్రీన్ ముందు కూర్చుని చేశాను. ఫైల్ పర్మిషన్లు మరీ తెరిచి ఉన్నాయని ఒక హెచ్చరిక వచ్చింది. 600కు (యజమాని తప్ప ఎవరూ చదవలేకుండా) మారిస్తే పోయింది.

ఆ తర్వాత ముందు రౌటర్‌కు పింగ్, ఆ తర్వాత 8.8.8.8కు, ఆఖరున ఏదైనా వెబ్‌సైట్ పేరుకు. ఈ వరుస తప్పకండి. మొదటిదే ఆగితే బ్రిడ్జ్ సంగతో నంబరు సంగతో చూసుకోవాలి. రెండోది ఆగితే గేట్‌వే, మూడోది మాత్రమే ఆగితే నేమ్‌సర్వర్. మాకు మూడూ వెళ్లాయి. అప్పుడు మూడుల్ కాన్ఫిగ్‌లో నంబరు 240 చేశాం. కొన్ని పాఠాల్లో మా తోటి లెక్చరర్లు పాత నంబరుతోనే లింకులు అతికించి ఉన్నారు. అవి డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి కాన్ఫిగ్ మార్చినా మారవు. మూడుల్‌లోనే వెతికి మార్చే టూల్ ఉంది. ముందు బ్యాకప్ తీసి, దానితో సరిచేశాం. ఆఖరి పరీక్ష కరెంటు వాళ్లు పెట్టేలోపు మేమే పెట్టుకున్నాం. మెయిన్ స్విచ్ ఆపి, మళ్లీ వేసి, ఉబుంటును లేపాం. 240లోనే లేచింది.

ఇది చూసి కామర్స్ డిపార్ట్‌మెంట్ సారు, “అమ్మా, మాకూ అలాంటిదొకటి కాపీ చేసి ఇవ్వండి” అన్నారు. ఫిక్స్‌డ్ ఐపీ ఉన్న మెషీన్‌ను క్లోన్ చేస్తే ఆ నంబరు కూడా క్లోన్ అవుతుంది. రెండూ ఒకేసారి నడిస్తే కొందరు పిల్లలు దీంట్లోకి, కొందరు దాంట్లోకి వెళ్తారు, కారణం ఎవరికీ అంతు పట్టదు. అందుకని క్లోన్ చేసేటప్పుడు అన్ని కార్డులకూ కొత్త మ్యాక్ అడ్రస్‌లు అన్నది ఎంచుకుని, మొదటిసారి నెట్‌వర్క్ కేబుల్ కనెక్టెడ్ అన్న టిక్ తీసేసి లేపాను. నంబరు 241 చేశాక టిక్ పెట్టాను. అక్కడ మెషీన్ ఐడీ అని ఇంకో ఫైల్ ఉంటుంది, అదీ క్లోన్ అవుతుంది. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు మ్యాక్‌ను కాకుండా ఈ ఐడీ నుంచి తీసిన గుర్తును చూపిస్తుంది కాబట్టి, డీహెచ్‌సీపీతో నడిచే క్లోన్లకు మ్యాక్ వేరైనా ఒకే నంబరు వచ్చే అవకాశం ఉంది. ఆ ఫైల్‌ను ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్త ఐడీ పుడుతుంది.

ఇక మిగిలింది రౌటర్ మారే రోజు. అన్ని రౌటర్లూ 192.168.1తో మొదలవ్వవు. కొన్ని 192.168.0, జియోఫైబర్‌వి 192.168.29. కొత్తది అలాంటిదైతే మా 240, 241, ప్రింటర్ మూడూ ఒక్కసారే కనపడకుండా పోతాయి. అప్పుడు మూడుచోట్లా నంబర్లు మార్చుకుంటూ కూర్చోవడం కంటే, రౌటర్ ల్యాన్ అడ్రస్‌నే 192.168.1.1 చేసి, పంచే రేంజ్ 200 దగ్గర ఆపమని బిగించడానికి వచ్చినవాళ్లకు చెప్పడం నయం. అది వాళ్లకు అయిదు నిమిషాల పని. ల్యాబ్ అసిస్టెంట్‌కు ఈ మాట కాగితం మీద రాసి ఇచ్చాను, ఆ రోజు నేను సెలవులో ఉన్నా అతను అడగాలి కదా.