తమ్ముడి వైన్ గ్లాసులు

మా తమ్ముడు తెచ్చిన ఆరు వైన్ గ్లాసుల్లో ఇప్పుడు ఐదే ఉన్నాయి. ఆరోది నా చేతిలోనే పోయింది. ఒక చేత్తో అడుగు, ఇంకో చేత్తో పైభాగం పట్టుకుని తుడుస్తూ మెలిపెట్టాను, టక్కుమని కాడ విరిగింది. ఇప్పుడు ఏ భాగం తుడిస్తే అక్కడే పట్టుకుంటున్నాను.

భీమవరంలో మా బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి మరకలు. అది సున్నం, సబ్బుకు లొంగదు. గోరువెచ్చటి నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి నానబెడితే కరిగిపోతుంది. తర్వాత ఫిల్టర్ నీళ్లతో తొలిపి, నాన్నగారి పాత నూలు పంచె ముక్కతో తుడుస్తాను. కొత్త తువ్వాలైతే నూగు వదులుతుంది. చేపల పులుసు గిన్నెలు తోమిన పీచు మాత్రం దగ్గరికి రానివ్వను, ఆ జిడ్డు, వాసన అంత తేలిగ్గా వదలవు.

ఇంత చేసి, వాటిలో మేం తాగేది సపోటా జ్యూసే!